రంగు పడని వరుసలు: కాటా టెర్మినల్ కెర్నల్‌లో ఒక మెమరీ ప్యాచ్ రివ్యూ

ప్యాచ్, అంటే కోడ్‌లో చేసిన మార్పుల చీటీ, చిన్నదే. కలిపిన వరుసలు 64, తీసేసినవి 71. పైన ఒక్క ముక్క రాసి ఉంది: "మెమరీ వాడకం తగ్గింపు." శుక్రవారం సాయంత్రం నాలుగు దాటాక నా క్యూలో పడింది. పంపింది మా టీమ్‌లో ఏడాదిన్నరగా ఉన్న శ్రీకాకుళం కుర్రాడు. పంపి ఊరుకోకుండా నా డెస్కు దగ్గరికే వచ్చి, "చిన్నదే మేడమ్, ఒకసారి చూసేస్తే సోమవారం బిల్డులో పెట్టేద్దాం" అన్నాడు. సెక్యూరిటీ కోడ్‌లో అలాకేషన్ (మెమరీ అడిగి తీసుకోవడం) మార్చే ప్యాచ్ ఏదీ చిన్నది కాదని వాడికింకా అనుభవంలోకి రాలేదు. నాకు వచ్చింది. అయినా ఈ ప్యాచ్ దగ్గర నేనూ ఒకచోట బోల్తా పడ్డాను, అది చివర్లో చెప్తాను.

ముందు సందర్భం. మా ఆఫీసు రుషికొండ ఐటీ హిల్ మీద ఉంది. కస్టమర్ పేరు ఇక్కడ అనవసరం. వాళ్లు చేసేవి లారీ కాటాల దగ్గర పెట్టే టెర్మినల్ పెట్టెలు. విశాఖ పోర్టు చుట్టుపక్కల బొగ్గు లారీ ఎక్కి దిగే కాటా చూసినవాళ్లకి ఈ పెట్టె కొత్త కాదు. ప్లాట్‌ఫారమ్ కింద లోడ్ సెల్స్, వాటి నుంచి ఇండికేటర్, ఇండికేటర్ నుంచి సీరియల్ వైరు, ఆ వైరు చివర మా పెట్టె. లోపల 512 ఎంబీ ర్యామ్‌తో ఒక ఆర్మ్64 బోర్డు, దాని మీద లినక్స్ కెర్నల్ (ఆపరేటింగ్ సిస్టమ్ గుండె) 6.1. ఆ సీరియల్ పోర్టును తూకం ప్రోగ్రామ్ తప్ప వేరే ఏదీ తెరవకూడదు. ఇంకో ప్రోగ్రామ్ మధ్యలో దూరి అంకెలు మార్చిందంటే అది దొంగ కాటా. దాని గొడవ ఏ స్థాయికి వెళ్తుందో కాటా గుమాస్తాని అడిగితే చెప్తాడు.

ఆ కాపలా కోసం మేమే రాసుకున్న ఒక చిన్న ఎల్‌ఎస్‌ఎం ఉంది. లినక్స్ సెక్యూరిటీ మాడ్యూల్స్ చట్రం 2003 డిసెంబరులో వచ్చిన 2.6 కెర్నల్ నుంచీ ఉన్నదే. ఎస్‌ఈలినక్స్, స్మాక్, యాప్‌ఆర్మర్ అన్నీ అందులో కూర్చున్నవే. పేరులో మాడ్యూల్ అని ఉంటుంది గానీ నడుస్తున్న కెర్నల్లోకి దీన్ని ఎక్కించడం కుదరదు, బిల్డులోనే కలిపేయాలి. అంటే తప్పు చేస్తే దింపడమూ కుదరదు. ఫైలు తెరిచేటప్పుడు, ప్రాసెస్ పుట్టేటప్పుడు, దారిలో ఒక్కో డైరెక్టరీ దాటేటప్పుడు కెర్నల్ ఆగి మన హుక్‌ని (అక్కడ మేం తగిలించిన ఫంక్షన్‌ని) "దీనికి ఒప్పుకుంటావా?" అని అడుగుతుంది. హుక్ సున్నా తిరిగిస్తే ఒప్పుకున్నట్టు, మైనస్ అంకె ఇస్తే కాదన్నట్టు. ఈ కేసులో సగం ఆ సున్నా చుట్టూనే తిరుగుతుంది.

ప్యాచ్ ఎందుకు పుట్టిందంటే, ఫీల్డులో పెట్టెలకి మెమరీ మెల్లమెల్లగా తగ్గిపోతోందని కస్టమర్ ఫిర్యాదు. నెలన్నరకోసారి రీబూట్ చేయాల్సి వస్తోందట. మా వాడు స్లాబ్ లెక్కలు (కెర్నల్ చిన్న ముక్కలుగా ఇచ్చే మెమరీ లెక్కలు) చూశాడు, లీక్‌లు వెతికే కెమెమ్‌లీక్ పెట్టి చూశాడు. లీక్, అంటే తీసుకుని వదలని మెమరీ అంటూ ఏదీ కనిపించలేదు. సరే, లీక్ లేకపోతే వాడకమే ఎక్కువై ఉంటుందని నాలుగు చోట్ల పొదుపు చేశాడు. తర్కం మరీ అడ్డదిడ్డంగా ఏమీ లేదు.

నేను అలాకేషన్ ప్యాచ్‌ని డిఫ్‌తో (తీసేసిన వరుసలు ఎర్రగా, కలిపినవి పచ్చగా చూపించే జాబితాతో) మొదలుపెట్టను. ముందు పాత కోడ్ తెరుస్తాను. అలాకేషన్ అనేది చూడ్డానికి ఒక్క వరుసే అయినా, చుట్టూ ఉన్న కోడ్‌కి అది అయిదారు మాటలు ఇచ్చి ఉంటుంది. ఇంత సైజు ఉంటాను. లోపల సున్నాలుంటాయి. నన్ను అడిగితే నిద్రపోను. దొరక్కపోతే ఇక్కడే దొరకను, ఇంకోచోట కాదు. నన్ను ఫలానా ఫంక్షన్‌తోనే వదిలేయాలి. ఈ మాటల్ని నమ్ముకుని బతికే వరుసలు కింద ఎక్కడో, వేరే ఫంక్షన్లో, ఒక్కోసారి వేరే ఫైల్లో ఉంటాయి. వాటిని ఎవరూ ముట్టుకోరు కాబట్టి డిఫ్‌లో అవి ఎర్రగానూ ఉండవు, పచ్చగానూ ఉండవు. అసలు చాలాసార్లు డిఫ్‌లోనే ఉండవు. నా లాంగ్ నోట్‌బుక్‌లో ఎడమ పేజీలో పాత మాటలు, కుడి పేజీలో కొత్త మాటలు రాసుకుంటాను. రెండు పేజీలూ ఎక్కడ కలవవో ఆ మాటను నమ్ముకున్న వరుస కోసం వెతుకుతాను. ఇందులో గొప్ప కిటుకేమీ లేదు, కాస్త విసుగు పని.

మొదటి మార్పు, లేబుల్ రాసే ఫైలు. ఏ ప్రాసెస్ (నడుస్తున్న ప్రోగ్రామ్) అయినా తన లేబుల్ పేరును, అంటే తనెవరో చెప్పే గుర్తును, సెక్యూరిటీఎఫ్ఎస్‌లో మా ఎల్‌ఎస్‌ఎం పెట్టిన ఫైలులో రాస్తే, అది అనుమతించదగ్గదైతే తగిలిస్తాం. పాత కోడ్ ఇందుకోసం సున్నాలు నింపిన ఒక పూర్తి పేజీ, అంటే 4,096 బైట్లు తీసుకునేది. లేబుల్ పేర్లేమో ఇరవై అక్షరాలు దాటవు. "ఇరవై బైట్లకి పేజీ ఏటి మేడమ్!" అని మెమ్‌డప్ యూజర్ అనే ఫంక్షన్ పెట్టాడు. యూజర్ ఎన్ని బైట్లు రాస్తే అన్నే తీసుకుని కాపీ చేసి ఇస్తుంది. వినడానికి చక్కగా ఉంది. కాకపోతే ఆ పేజీ రాత పని అయిపోగానే తిరిగి వెళ్లిపోతుంది కదా, దాన్ని చిన్నది చేస్తే మిగిలేదేముంటుందని మార్జిన్లో పెన్సిల్‌తో రాసుకున్నాను. ఆ ప్రశ్ననే అక్కడితో వదిలేయకుండా ఉండాల్సింది.

ఈ మార్పు చూడగానే నాకు గుర్తొచ్చింది సీవీఈ-2016-6187 (సెక్యూరిటీ లోపాల బహిరంగ జాబితాలో ఒక నంబరు). కెర్నల్ సెక్యూరిటీ కోడ్ చూసేవాళ్లంతా ఒకసారి చదవాల్సిన కేసు అది. ప్రోక్ ఫైల్‌సిస్టమ్‌లో, ప్రాసెస్ సెక్యూరిటీ గుర్తును రాసే ఫంక్షన్ అంతకుముందు ఒక పూర్తి పేజీ తీసుకునేది. దాన్ని ఎవరో మెమ్‌డప్ యూజర్‌కి మార్చారు, అచ్చం మా వాడిలాగే. ఆ బఫర్ (తాత్కాలికంగా తీసుకున్న మెమరీ) అక్కడి నుంచి యాప్‌ఆర్మర్ హుక్‌కి వెళ్తుంది. యాప్‌ఆర్మర్ ఏం చేసేదంటే, వచ్చిన మాట చివర సున్నా బైటు లేకపోతే తనే ఒకటి పెట్టేది. సైజు సరిగ్గా పేజీ అయితే మాత్రం వద్దనేది. బఫర్ పేజీ అయినంత కాలం ఆ లెక్క సరైనదే. బఫర్ కుదించుకుపోయాక ఆ సున్నా పడేది మనది కాని బైటులో. హీప్‌లో (కెర్నల్ ముక్కలుగా పంచే మెమరీలో) పక్కింటి గోడ మీద ఒక్క సున్నా. దాన్ని పట్టుకుని మామూలు యూజర్ రూట్ (సర్వాధికారాలున్న యూజర్) దాకా ఎక్కగలిగేవాడు. 4.6.5లో సరిదిద్దారు. తప్పు తెచ్చిన మార్పు ఒక ఫైల్లో, బద్దలైంది ఇంకో ఫైల్లో. యాప్‌ఆర్మర్ ఫైల్లో ఒక్క అక్షరం కూడా మారలేదు.

మా కోడ్‌లో కూడా కింద పన్నెండు వరుసల తర్వాత అదే పని ఉంది: బఫర్‌లో సైజు స్థానంలో సున్నా పెట్టడం. రంగు పడని వరుస. మా వాడు దాన్ని చూశాడు కూడా, "అది పాత కోడే కదా" అనుకుని వదిలేశాడు.

"మరి నేను బోర్డు మీద రెండ్రోజులు నడిపాను మేడమ్, ఏం కాలేదు."

కాదు మరి. ఎందుకు కాలేదో చూస్తే నాకే ముచ్చటేసింది. కెర్నల్‌లో మెమరీ ఇచ్చే ఫంక్షన్ కెమాలక్ అడిగినంతే ఇవ్వదు, దగ్గర్లో ఉన్న పెద్ద గది ఇస్తుంది. మామూలు పీసీ మీద 8, 16, 32 ఇలా గదులుంటాయి. కానీ 6.1లో ఆర్మ్64 మీద అతి చిన్న గదే 128 బైట్లు, పరికరాలు నేరుగా మెమరీ వాడే పద్ధతి (డీఎంఏ) కోసం. 6.5లో ఆ కట్టుబాటు సడలించారు. కాబట్టి మా బోర్డు మీద ఇరవై అక్షరాల లేబుల్‌కి వెనకాల నూటెనిమిది బైట్ల ఖాళీ ఉంటుంది, సున్నా అందులో పడి ఎవరికీ తెలీదు. గది సరిగ్గా నిండేలా, 128 అక్షరాలు అలా రాస్తేనే పక్కింటికి వెళ్తుంది. టెస్టుల్లో 128 అక్షరాల లేబుల్ ఎవరు రాస్తారు? దాడి చేసేవాడు రాస్తాడు. క్యూఎమ్యూ అనే సాఫ్ట్‌వేర్ బోర్డులో, మెమరీ హద్దు దాటితే పట్టుకునే కేసాన్ పెట్టి నడిపించాం. కేసాన్ గది సైజు చూడదు, అడిగిన సైజే చూస్తుంది. మొదటి రాతకే ఎర్ర అక్షరాలతో రిపోర్టు పరిచేసింది.

దీనికి దిద్దుబాటు సులువు. మెమ్‌డప్ యూజర్ నల్ అని తమ్ముడు ఫంక్షన్ ఉంది, ఒక బైటు ఎక్కువ తీసుకుని సున్నా అదే పెడుతుంది. దాంతోపాటు, "పేజీ లేదు కాబట్టి అక్కర్లేదు" అని వాడు తీసేసిన పై పరిమితి తనిఖీని వెనక్కి పెట్టించాను. పేజీ ఉన్నప్పుడు ఆ తనిఖీ బఫర్‌ని కాపాడేది. పేజీ పోయాక, యూజర్ ఎంత సైజు అడిగితే అంత కెర్నల్ ఇవ్వకుండా అదే అడ్డం.

రెండో మార్పు మీద ఎక్కువ చెప్పను. ఏ ఐనోడ్ (కెర్నల్ దగ్గర ఉండే ఫైలు రికార్డు) రక్షితమో, దానికి ఏ రూల్ వర్తిస్తుందో ఒకసారి లెక్కకట్టి దాచుకునే క్యాష్ ఒకటుంది. అందులో కొత్త నోడ్‌కి జీఎఫ్‌పీ అటామిక్‌తో, అంటే నిద్రపోకుండా వెంటనే ఇవ్వమని, అడుగుతున్నాం. మెమరీ బిగిసినప్పుడు లాగ్‌లో అలాకేషన్ ఫెయిల్ అయిందని పేజీలకొద్దీ రాస్తోంది. అది పోవడానికి వాడు జీఎఫ్‌పీ కెర్నల్ పెట్టాడు. కానీ ఈ క్యాష్‌ని పిలిచేది ఫైలు దారి (పాత్) నడిచేటప్పుడు అడిగే అనుమతి హుక్. కెర్నల్ వేగం కోసం దారిని ముందు ఆర్‌సీయూ పద్ధతిలో, ఏ లాకూ పట్టకుండా నడుస్తుంది. అప్పుడు హుక్‌కి వచ్చే మాస్క్‌లో "ఆగకూడదు" అన్న బిట్ ఉంటుంది. జీఎఫ్‌పీ కెర్నల్ అంటే "కావాలంటే ఆగి, నిద్రపోయి, వేరేవాళ్ల దగ్గర ఖాళీ చేయించైనా తెచ్చిపెట్టు" అని. మెమరీ పుష్కలంగా ఉంటే నిద్ర రాదు, ఏ గొడవా ఉండదు. బిగిసిన రోజునే నిద్రపోతుంది, ఆ రోజే కొంప మునుగుతుంది. డీబగ్ అటామిక్ స్లీప్ ఆన్ చేసిన కెర్నల్లో అయితే మెమరీ ఎంత ఉన్నా మొదటి పిలుపుకే, నిద్రపోకూడని చోట నిద్రపోయే ఫంక్షన్‌ని పిలిచావని అరుస్తుంది. మా డెవలప్‌మెంట్ కాన్ఫిగ్‌లో అది ఆఫ్‌లో ఉండటం నా తప్పు, వాడిది కాదు.

ఎస్‌ఈలినక్స్ తన నిర్ణయాల క్యాష్‌కి ఏం చేస్తుందో చూడమన్నాను. అక్కడ నోడ్ అడిగేది జీఎఫ్‌పీ నోవెయిట్‌తో, పక్కన నోవార్న్. ఉంటే ఇవ్వు, లేకపోతే పో, గోల చేయకు. నోడ్ దొరక్కపోతే నిర్ణయం ఆగదు, దాచుకోవడం ఒక్కటే ఆగుతుంది. మరుసటిసారి మళ్లీ లెక్క కడతారు. మాకూ అదే సరిపోయింది. లాగ్ గోల తగ్గడంతో పాటు, అటామిక్ కోసం కెర్నల్ పక్కన పెట్టుకునే రిజర్వు కూడా నెట్‌వర్క్ డ్రైవర్‌లాంటి నిజమైన అవసరస్తులకి మిగిలింది.

మూడో మార్పు రూల్స్ పట్టిక. ఒక్కో రూల్ 48 బైట్లు. పెద్ద పాలసీలో రెండు వేల రూల్స్ ఉంటే 96,000 బైట్లు, అంత ఒకే ముక్కగా దొరకడం కష్టం. అందుకని ఒకే ముక్కగా తెచ్చే కెకాలక్ తీసి, విడి పేజీలు కలిపి ఇచ్చే విమాలక్ పెట్టాడు. కెకాలక్ రెండు పనులు చేసి పెట్టేది: సంఖ్యని సైజుతో గుణిస్తే పొంగుతుందేమో చూసేది, సున్నాలు నింపేది. విమాలక్‌కి గుణకారం మనమే చేసి ఇవ్వాలి, సున్నాలూ ఉండవు. ఒక్క పదం మార్చితే రెండు మాటలు పోయాయి.

గుణకారం సంగతి 64 బిట్ బోర్డు మీద తెలీదు. ఇదే కోడ్ మీద ఇంకా కొన్ని పాత 32 బిట్ పెట్టెలు ఫీల్డులో నడుస్తున్నాయి. క్యాలిక్యులేటర్ తీసి వాడికి చూపించాను. రూల్స్ సంఖ్య 8,94,78,486 అని ఎవరైనా రాశారనుకో. 48తో గుణిస్తే 429,49,67,328. 32 బిట్లలో పట్టేది 429,49,67,295 వరకే, 429,49,67,296 దగ్గర మళ్లీ సున్నా నుంచి. మిగిలేది 32. అంటే ముప్పై రెండు బైట్లు అడిగి, అందులో దాదాపు తొమ్మిది కోట్ల రూల్స్ నింపడం మొదలుపెడతాం. వాడు కాసేపు ఆ 32 కేసి చూసి, "పాలసీ రాసేది రూటే కదా మేడమ్" అన్నాడు. రూట్‌ని నమ్మేటట్టయితే ఈ ఎల్‌ఎస్‌ఎం ఎందుకు, కాటా దగ్గర ఒక తాళం వేస్తే సరిపోదా?

సున్నాల సంగతి ఇంకా నెమ్మదైనది. రూల్ నిర్మాణంలో మొదట ఒక బైటు చర్య, తర్వాత నాలుగు బైట్ల అంకె. మధ్యలో కంపైలర్ మూడు బైట్ల ఖాళీ వదులుతుంది. "అన్ని ఫీల్డులూ నేనే నింపుతున్నా" అన్నది నిజమే, కానీ ఆ మూడూ ఫీల్డులు కావు. గణాంకాలు చదివే ఫైలు ఈ పట్టికని ఉన్నదున్నట్టు యూజర్‌కి కాపీ చేసి ఇస్తుంది. అంతకుముందు ఆ పేజీలో ఎవరిదేముందో అందులో మూడేసి బైట్లు బయటికి. 5.3 నుంచి ఇనిట్ ఆన్ అలాక్ అని బూట్ ఆప్షన్ ఉంది, అది ఆన్‌లో ఉంటే కెర్నలే తుడిచి ఇస్తుంది. మా పెట్టెల్లో స్పీడు కోసమని ఆఫ్ చేశారు, ఎవరు చేశారో గిట్ (కోడ్ మార్పుల చరిత్ర) చెప్పింది గానీ ఇక్కడొద్దు. కెవికాలక్ పెట్టమన్నాను: తనిఖీ చేస్తుంది, సున్నాలు నింపుతుంది, చిన్నదైతే మామూలుగా, పెద్దదైతే ముక్కలు కలిపి తెస్తుంది. వదిలేటప్పుడు కెవిఫ్రీ. పాత ఎర్రర్ దారిలో ఒక కెఫ్రీ అలాగే మిగిలిపోయింది, దాన్నీ మార్పించాను.

ఇక నాలుగోది. ఈ రివ్యూ ఇంత సేపు పట్టింది దీని దగ్గరే.

ప్రతి ప్రాసెస్‌కీ మా దగ్గర 200 బైట్ల లేబుల్ రికార్డు ఉంటుంది. పాత కోడ్ దాన్ని ఫోర్క్ (కొత్త ప్రాసెస్ పుట్టే) సమయంలోనే తీసుకునేది. దొరక్కపోతే ఫోర్కే ఫెయిల్, ప్రాసెస్ పుట్టనే పుట్టదు. కానీ చాలా ప్రాసెస్‌లు జన్మలో సీరియల్ పోర్టు జోలికి వెళ్లవు, వాటికి రికార్డెందుకు? అందుకని వాడు దీన్ని వాయిదా వేశాడు. రక్షిత పరికరాన్ని మొదటిసారి తెరిచినప్పుడే, ఫైలు తెరిచే హుక్‌లో రికార్డు తీసుకుంటాం. దొరక్కపోతే లాగ్‌లో ఒక హెచ్చరిక రాసి, సున్నా తిరిగిస్తాం.

సున్నా.

నేను వేలు పెట్టి చూపించాను. వాడికి ముందు అర్థం కాలేదు. అర్థమయ్యాక కూడా ఒప్పుకోలేదు, వాడి కారణం వాడికుంది. "మెమరీ లేదని పోర్టు తెరవనివ్వకపోతే తూకం ఆగిపోద్ది మేడమ్. లారీలు రోడ్డు దాకా లైను కట్టేస్తాయి. మొన్న అందుకే కదా కస్టమర్ తిట్టాడు." ఆ తిట్లు వాడే ఫోన్లో పడ్డాడు, నేను కాదు. అందుకని దాన్ని తేలిగ్గా కొట్టిపారేయలేదు. రెండో వాదన ఇంకా గట్టిది: "అయినా జీఎఫ్‌పీ కెర్నల్‌తో రెండొందల బైట్లు ఎప్పుడు ఫెయిలయ్యాయి? ఎప్పుడూ ఫెయిల్ కానిదానికి ఇంత టెన్షన్ ఎందుకు?"

అది నిజానికి కెర్నల్‌లో చాలాకాలంగా ఉన్న చర్చే. ఎనిమిది పేజీలు, అంటే 32 కేబీ దాటని అలాకేషన్‌కి జీఎఫ్‌పీ కెర్నల్ ఇస్తే, పేజ్ అలాకేటర్ దాదాపుగా లేదనదు. తిరుగుతూనే ఉంటుంది, చివరికి ఓఓఎమ్ కిల్లర్‌ని పిలిచి ఏదో ఒక ప్రాసెస్‌ని చంపైనా తెస్తుంది. కానీ దాదాపుగా అనేదాన్ని కెర్నల్ ఎక్కడా రాసివ్వలేదు. పైగా ఎప్పుడూ నడవని ఎర్రర్ దారి అంటే ఎవరూ ఎప్పుడూ పరీక్షించని దారి. సెక్యూరిటీ కోడ్‌లో అలాంటి దారి సున్నాతో ముగిస్తే, అది ఎవరూ చూడని దొడ్డి గుమ్మం.

మాటలతో తేలదని క్యూఎమ్యూ ముందు కూర్చున్నాం. కెర్నల్‌లో ఫెయిల్‌స్లాబ్ అని ఒక పరీక్షా సాధనం ఉంది, కావాలని అలాకేషన్లు ఫెయిల్ చేయిస్తుంది. దానితో ప్రోక్ కింద ప్రతి థ్రెడ్‌కీ ఫెయిల్-ఎన్త్ అనే ఫైలు దొరుకుతుంది. అందులో 4 అని రాస్తే, ఇక ఆ థ్రెడ్ చేసే నాలుగో అలాకేషన్ ఒక్కటే ఫెయిలవుతుంది. తూకం లేబుల్ లేని ఒక చిన్న సి ప్రోగ్రామ్ రాశాం. ఫెయిల్-ఎన్త్‌లో అంకె రాయాలి, సీరియల్ పోర్టు తెరవాలి, ఏమైందో అచ్చు వేయాలి. అంతే.

1 నుంచి 10 దాకా నడిపాం. పదికి పదిసార్లూ "అనుమతి లేదు." మా వాడి మొహం వెలిగిపోయింది. నాకు అనుమానం వచ్చింది, అనుమతి లేదని కాదు, మెమరీ లేదని ఒక్కసారైనా రావాలి కదా. చూస్తే ఫెయిల్‌స్లాబ్‌లో ఇగ్నోర్-జీఎఫ్‌పీ-వెయిట్ అనే సెట్టింగు మొదటి నుంచీ వై లోనే ఉంటుంది. అంటే ఆగగలిగే అలాకేషన్ల జోలికి పోకు అని. మేం పరీక్షించాలనుకున్నవన్నీ ఆగగలిగేవే! దాన్ని ఎన్ చేసి మళ్లీ మొదలుపెట్టాం.

1: మెమరీ లేదు. అది ఫైలు పేరు కాపీ చేసుకునే చోటు. 2: మెమరీ లేదు. ఫైలు నిర్మాణం. 3: మెమరీ లేదు. ఫైలుకి తగిలించే సెక్యూరిటీ బ్లాబ్ (ఎల్‌ఎస్‌ఎంలు వాడుకునే మెమరీ ముక్క). 4: తెరుచుకుంది, డిస్క్రిప్టర్ (తెరిచిన ఫైలుకి ఇచ్చే నంబరు) 3.

తూకం లేబుల్ లేని ప్రోగ్రామ్ చేతిలో కాటా పోర్టు. లాగ్‌లో మాత్రం వాడు రాసిన హెచ్చరిక బుద్ధిగా కూర్చుని ఉంది. వాడు ఏమీ అనలేదు. మళ్లీ ఒకసారి నడిపాడు. మళ్లీ తెరుచుకుంది. ఈ అంకె కెర్నల్‌ని బట్టి, కాన్ఫిగ్‌ని బట్టి మారుతుంది, కాబట్టి ఎవరైనా ప్రయత్నిస్తే నాలుగే రావాలని లేదు.

సున్నా బదులు మైనస్ ఈనోమెమ్ (మెమరీ లేదు అనే ఎర్రర్) పెడితే రివ్యూ అక్కడితో పూర్తయ్యేది. కానీ లారీల లైను ప్రశ్న అలాగే ఉంది. మెమరీ బిగిసిన క్షణంలో తూకం ప్రోగ్రామ్ పోర్టు మూసి తెరిస్తే దానికీ కాదనే వస్తుంది. మా మేనేజర్ గారు అటుగా వెళ్తూ ఆగి, "ఏమ్మా, దొంగని ఆపడానికి యజమానిని కూడా బయట నిలబెడతావా?" అన్నారు. టీ కప్పు పట్టుకుని ఆయన వెళ్లిపోయారు, ప్రశ్న మాత్రం ఉండిపోయింది.

అప్పుడు లెక్క వేశాం, అసలు మొదటే వేయాల్సింది. పెట్టెలో థ్రెడ్లన్నీ కలిపి నూట యాభైకి మించవు. 200 బైట్ల రికార్డు 256 బైట్ల గదిలో కూర్చుంటుంది. 256 ఇంటూ 150, 38,400 బైట్లు. 512 ఎంబీ పెట్టెలో నలభై కేబీ కూడా కాని పొదుపు కోసం, పుట్టినప్పుడు దొరకాల్సిన వస్తువుని గుమ్మం దగ్గర నిలబడి వెతుక్కునే పరిస్థితి తెచ్చుకున్నాం. వాయిదా తీసేశాం. అంతేకాదు, 2019లో వచ్చిన 5.1 నుంచి ఈ బ్లాబ్‌ల బాధ్యత చట్రమే తీసుకుంది. మాకు ప్రాసెస్‌కి ఇన్ని బైట్లు కావాలని మొదట్లోనే చెప్పేస్తే, ఫోర్క్ అప్పుడు అదే తీసుకుని సున్నాలు నింపి ఇస్తుంది, దొరక్కపోతే ఫోర్క్‌నే ఆపుతుంది, ప్రాసెస్ పోయాక అదే వదిలేస్తుంది. మా కోడ్ ఇంకా పాత అలవాటుతో పాయింటర్ పెట్టుకుని సొంతంగా తెచ్చుకుంటోంది. దాన్ని మార్పించాను. ఇప్పుడు ఫైలు తెరిచే మా హుక్‌లో అలాకేషనే లేదు. నడుస్తున్న తూకం ప్రోగ్రామ్‌కి రికార్డు పుట్టినప్పుడే చేతికొచ్చింది, మెమరీ ఎంత బిగిసినా అది పోర్టు మూసి తెరుచుకోగలదు. మెమరీ దొరకని దొంగకి ఫోర్కే కాదు.

ఇక నేను బోల్తా పడ్డ చోటు.

సోమవారం ఉదయం మా వాడు వచ్చి, "మేడమ్, నా పాత ప్యాచ్ వేసిన బోర్డు మీద కెమెమ్‌లీక్ ఏదో చూపిస్తోంది" అన్నాడు. శుక్రవారం ఆపడం మర్చిపోయాడట, వారాంతమంతా నడుస్తూనే ఉంది. చూస్తే 128 బైట్ల ముక్కలు, వేలల్లో, ఎవరూ పట్టుకోనివి. ప్రతిదాని వెనకా పిలుపుల వరుస ఒకటే: లేబుల్ రాసే ఫైలు, అక్కడి నుంచి మెమ్‌డప్ యూజర్. లేబుల్ చెల్లకపోతే వెనక్కి తిరిగే దారిలో బఫర్‌ని వదిలే వరుస లేదు. ఎప్పుడూ లేదు. పాత కోడ్‌లో కూడా లేదు.

అప్పుడు మార్జిన్లో నేను పెన్సిల్‌తో రాసుకున్నది గుర్తొచ్చింది. "రాత పని అయిపోగానే తిరిగి వెళ్లిపోతుంది కదా" అని నేను అనుకున్నాను, చూడలేదు. ఆ పాత పేజీ నిజంగా తిరిగి వెళ్తోందా లేదా అన్నది రంగు పడని వరుస కూడా కాదు, అసలు లేని వరుస. నేను ఎడమ పేజీలో పాత కోడ్ ఇచ్చిన మాటలు రాశాను గానీ, వాటిని అది నిలబెట్టుకుంటోందా అని అడగలేదు.

మొదట్లో ఇది కెమెమ్‌లీక్‌కి ఎందుకు దొరకలేదంటే, అది నేరుగా పేజీలుగా తీసుకున్నవాటిని లెక్కపెట్టదు. స్లాబ్ లెక్కల్లోనూ అవి రావు. పేజీ కాస్తా కెమాలక్ ముక్కయ్యేసరికి రెంటికీ కనబడింది. తప్పు ప్యాచ్ వల్లే అసలు జబ్బు బయటపడింది. ఇంకో రకంగా చూస్తే ఆ ప్యాచ్ అలాగే వెళ్లిపోయి ఉంటే జబ్బు తగ్గకుండా జ్వరం ఒక్కటే తగ్గేది. లెక్క చూడండి: నిమిషానికో పేజీ పోతే రోజుకి 1,440 పేజీలు, దాదాపు 5.6 ఎంబీ. నెలన్నరకి 250 ఎంబీ పైమాటే, కస్టమర్ చెప్పిన రీబూట్ గడువుతో సరిపోయింది. అదే 128 బైట్ల చొప్పున అయితే రోజుకి 180 కేబీ. ఫిర్యాదు రావడానికి ఏళ్లు పట్టేది, అప్పటికి ఈ ప్యాచ్ ఎవరికీ గుర్తుండేది కాదు.

నిమిషానికోసారి చెల్లని లేబుల్ రాసేదెవరు? కస్టమర్ వాళ్ల కాపలా స్క్రిప్టు. క్రాన్‌లో (టైము ప్రకారం పనులు నడిపేదానిలో) నిమిషానికోసారి లేచి, ఎకో కమాండుతో తన లేబుల్ రాసుకుంటుంది. ఎకో చివర న్యూలైన్ (వరుస ముగింపు అక్షరం) పెడుతుంది. మా తనిఖీ న్యూలైన్ ఉన్న పేరుని ఒప్పుకోదు. స్క్రిప్టు ఆ ఎర్రర్ పట్టించుకోకుండా తన పని తను చేసుకుపోతుంది. కాపలా కాసేవాడే నిమిషానికో పేజీ పట్టుకుపోతున్నాడు.

ప్యాచ్ చివరికి ఆరు ముక్కలైంది. మొదటి ముక్క ఒకే ఒక్క వరుస: ఎర్రర్ దారిలో పేజీని వదలడం. అది పాత కోడ్ మీదే, మిగతావాటితో సంబంధం లేకుండా వెళ్లింది, ఫీల్డులో ఉన్న వెర్షన్‌కి కూడా వేయాలి కాబట్టి. మిగతా అయిదూ ఒక్కొక్కటిగా వచ్చాయి. ప్రతిదాని పైనా మా వాడు పాత అలాకేషన్ ఏం మాట ఇచ్చేదో, కొత్తది ఏం ఇస్తుందో రెండు మూడు వాక్యాలు రాశాడు. డెవలప్‌మెంట్ కాన్ఫిగ్‌లో అటామిక్ స్లీప్ డీబగ్ నేను ఆన్ చేశాను. ఫెయిల్-ఎన్త్ ప్రోగ్రామ్ ఇప్పుడు రాత్రి టెస్టుల్లో ఉంది, 1 నుంచి 40 దాకా నడుస్తుంది. పోర్టు ఒక్కసారి తెరుచుకున్నా బిల్డు ఆగిపోతుంది.

ఆ స్క్రిప్టు మాత్రం ఇంకా ఎకోతోనే రాస్తోంది. కస్టమర్‌కి చెప్పాం. ఒక్క అక్షరం మార్చాలన్నా ప్రతి కాటా దగ్గరికీ మనిషి వెళ్లాలట, వచ్చే సర్వీసింగ్ దాకా ఆగమన్నారు. అందుకని నిమిషానికోసారి అది న్యూలైన్‌తో అడుగుతోంది, మేం కాదంటున్నాం, పేజీ మాత్రం వెనక్కి ఇచ్చేస్తున్నాం.